పచ్చాకు స్టిక్కరు గారికి, ఒడిశా రాయగడ గిన్నెల కొట్టు నుంచి

మహారాజశ్రీ పచ్చాకు స్టిక్కరు గారికి నమస్కరించి రాయునది ఏమనగా,

తమరు సత్తు (అల్యూమినియం) తపేలా అంచుకి అంటుకుని, 'భూమికి మేలు' అంటూ మా కొట్టుకి వేంచేశారు. సంతోషం. ఎంత మేలు, దేనికంటే మేలు అని గుణుపూర్ ఆవిడ ఒకరు అడిగారు. "కంపెనీవాళ్ళు చూసే వేసుంటారమ్మా" అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, తపేలా కాటా మీద పెట్టమన్నారు.

తమరెక్కి కూర్చున్న లోహం ఎక్కడిదో తమరు చెప్పరు. మా పక్క కొరాపుట్ సరుకే అయితే దాని జాతకం నాకు తెలుసు. పంచపట్‌మాలి కొండ మీద బాక్సైట్ అనే ముడిఖనిజం తవ్వుతారు, దమన్‌జొడిలో దాన్నుంచి అల్యూమినా అనే తెల్ల పొడి తీస్తారు, అది అంగుల్ చేరి బొగ్గు కరెంటుతో అల్యూమినియం అవుతుంది. టన్ను లోహానికి నాలుగు టన్నులకి పైగా బాక్సైట్, 14,000 యూనిట్ల దాకా కరెంటు. కార్బన్ పాపంలో సింహభాగం అక్కడే మూటగట్టుకుంటుంది. మరి తమ కంపెనీ చేసిందేమిటి? రేకుని గిన్నెగా నొక్కే షెడ్డు మీద సోలార్ పలకలు పెట్టి, ఫొటో దిగి, తమర్ని అచ్చేయించింది. రేకు ఇచ్చినవాణ్ణి లెక్క అడిగితే వ్యాపార రహస్యమట.

యూరప్ వాడు అడిగితే మాత్రం రహస్యాలు ఉండవు. అక్కడికి పోయే అల్యూమినియం రేకులకి 2026 జనవరి నుంచి కార్బన్ సుంకం మొదలైంది కదా, ఏ అంచెలో ఎంత పొగో రాసివ్వమంటున్నాడు. (కరెంటు తాలూకు పొగ ఇంకా ఆ లెక్కలో కలపలేదు. అది వేరే భాగోతం.) రాయగడ ఖాతాదారుకి ఆకు బొమ్మ చాలు కాబోలు!

ఓసారి మా పెరట్లోకి దయచేయండి. అడుగు చిల్లుపడ్డ తపేలాలు, సొట్టల డేగిసాలు, పిడి విరిగిన కుక్కర్లు. మా కుర్రాడు సుత్తితో ఇనప రివెట్లు కొట్టేసి, పిడి ఊడదీసి, గాస్కెట్ లాగేసి, మసికి తరుగు తీసి తూకం వేస్తాడు. ఆ డబ్బు కొత్త గిన్నె ఖరీదులో తగ్గిస్తాం. పాత సత్తు కరిగించడానికి కొత్త లోహం తీసేందుకు పట్టే శక్తిలో 5 శాతం చాలు. పాత సామాన్ల సైకిలాయనా, సంతకి దిగే కొండవాళ్ళూ, నేనూ కలిసి ఈ పని చేస్తున్నాం. మాకు మీటింగుల్లేవు, బ్యానర్లు అసలే లేవు.

తమర్ని మోసుకొచ్చిన వ్యాను మాత్రం వట్టి చేతులతో తిరిగి పోతోంది. పాత సరుకు ఎక్కించుకోవయ్యా అంటే "స్క్రాప్ మా సెక్షన్ కాదండి" అంటాడు డ్రైవరు. ఆ సరుకే ఇంకో లారీ ఎక్కి, ఇంకో ట్యాంకు డీజిల్ తాగి, అదే ఊరికి పోతుంది.

అందుచేత తమ యజమానులకి నా మనవి: వచ్చే లోడుకి ఆకు మానేసి రెండు అంకెలు వేయించండి, కొత్త లోహం ఎంత, పాతది ఎంత అని. వ్యానులో ఒక కాటా కూడా పంపండి.

ఇట్లు,
తమ స్టాకిస్టు

తా.క. తమరి జిగురు మహా గట్టిది. కరిగించే ముందు తమర్ని గీకి పారేయడానికి మా కుర్రాడు అదనపు కూలి అడుగుతున్నాడు. బిల్లు ఎవరి పేర రాయమంటారు?