అద్దెలో మిగిలింది మోటారు తాగేస్తుంది

హైదరాబాద్ శివార్లలో ఇల్లు వెతికేవాళ్ల కళ్లు ముందు టూలెట్ బోర్డు మీది అంకె మీదే పడతాయి. డబుల్ బెడ్‌రూమ్ ఉప్పల్‌లో 15 వేలు, ఘట్‌కేసర్ వైపు 9 వేలు అనుకుందాం. నెలకు 6 వేలు మిగలాలి. మిగలదు.

ఘట్‌కేసర్ నుంచి ఉప్పల్ దాకా అదనంగా పడే దూరం పోనూ రానూ దాదాపు 28 కిలోమీటర్లు. నెలకు 26 రోజులకు 728. బండి లీటరుకు 45 ఇస్తే 16 లీటర్లు. లీటరు 107 అనుకున్నా 1,700 పైమాటే. ఇంజినాయిలు, టైర్లు వేరే. భార్యాభర్తల ఉద్యోగాలు చెరో దిక్కున ఉంటే రెండో బండి, దాని ఈఎంఐ. ఆర్టీసీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో 2023 డిసెంబరు 9 నుంచి మహిళలకు టికెట్ లేదు, నిజమే. కానీ కాలనీ లోపలి నుంచి బస్టాపుకు షేర్ ఆటో ఉచితం కాదుగా. 2024 మార్చిలో మొదలైన ఘట్‌కేసర్-లింగంపల్లి ఎంఎంటీఎస్ లోకల్ రైలు చాలా చవక. అయితే రైళ్లు కొన్నే, డ్యూటీ వేళలకు కలిసొస్తేనే పని. ఇక ‘ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కనే’ అని బ్రోకర్ ఊదరగొడితే బైకున్నవాళ్లు మురిసిపోనక్కర్లేదు. ఆ రోడ్డెక్కడానికి టూవీలర్లకు అనుమతి లేదు, సర్వీసు రోడ్డే గతి.

నీళ్ల సంగతి ఎండాకాలంలో తెలుస్తుంది. మనిషికి రోజుకు 135 లీటర్ల లెక్కన నలుగురికి నెలకు 16 వేల లీటర్లు, అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు మూడు పైన. నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీటి పథకం 2021లో అమల్లోకి వచ్చింది అప్పటి జీహెచ్‌ఎంసీ పరిధిలోనే. బోరు మీద నడిచే కాలనీకి ఎండితే ట్యాంకరే దిక్కు.

ఎవరూ అడగనిది కరెంటు. నెలకు 200 యూనిట్లు కాలితే బిల్లు సుమారు 820 (మొదటి వందకు 3.40, రెండో వందకు 4.80). 210 కాలితే మొత్తం వేరే టారిఫ్‌లోకి జారుతుంది: 200 యూనిట్లకు 5.10 చొప్పున, మిగతా పదికి 7.70 చొప్పున, వెరసి 1,097. పది యూనిట్లకు 277 రూపాయలన్నమాట! తెల్లకార్డు మీద గృహజ్యోతి (200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు) పొందేవాళ్లకైతే సున్నా బిల్లు కాస్తా పూర్తి బిల్లవుతుంది.

ఆ పది యూనిట్లు ఎక్కడివంటే, చాలాసార్లు మోటారువే. ఒక హెచ్‌పీ మోటారు రోజుకు గంట తిరిగినా నెలకు పాతిక యూనిట్లు. నీటిమట్టం దిగితే అదే ట్యాంకు నిండడానికి రెండు గంటలు. ఇండిపెండెంట్ ఇళ్లలో మోటారుకు విడిగా మీటరు పెట్టించకుండా, దాని వైరును కింది పోర్షను మీటరుకు కలిపేసే ఓనర్లున్నారు. నీళ్లు పైవాళ్లవి కూడా, బిల్లు కిందివాళ్లది.

కనుక్కోవడం కష్టమేమీ కాదు. అడ్వాన్సు ఇవ్వకముందే ఇంట్లో మిగతా స్విచ్‌లన్నీ ఆపేసి మోటారు వేయమనండి. మీ మీటరు మీద ఎర్ర లైటు మిణుకుతూనే ఉంటే మోటారు వైరు మీ మీటరుకే కలిపారన్నమాట. అలాగే ఆ పోర్షను ఏప్రిల్, మే బిల్లులు అడిగి తీసుకోండి. జనవరి బిల్లు చూపిస్తే ఒప్పుకోవద్దు.