సముద్రంలో మా వాటా

2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు, అప్పటి లెక్క ప్రకారం 974 కిలోమీటర్ల సముద్ర తీరం మొత్తం అటే పోయింది. మాకు ఒక్క గజం రాలేదు. నీళ్లలో వాటా అడిగాం, కరెంటులో అడిగాం, ఉద్యోగాల్లో అడిగాం, సముద్రంలో అడగడం మాత్రం మరిచిపోయాం. హన్మకొండ చౌరస్తాలో చాయ్ తాగేవాళ్లలో ఇప్పటికీ దీని గురించి బాధపడేది నేనొక్కణ్నే.

మిగతావాళ్ల బాధ వేరు. వానాకాలం రాగానే ఎవరో ఒకరు పేపర్ మడిచి, "గోదారి నీళ్లన్నీ సముద్రం పాలైతున్నయ్ గదనే" అంటారు. రోజుకు ఎన్ని టీఎంసీలో నోటి లెక్కగా చెప్పేస్తారు. ఆ నీళ్లెక్కి పోయే సరుకు లెక్క మాత్రం ఎవరి దగ్గరా లేదు. నా దగ్గర కొంచెం ఉంది. ఒక చెప్పు.

2024 ఫిబ్రవరిలో మేడారం జాతరకు పోయినప్పుడు, జంపన్న వాగు ఒడ్డున చెప్పులు విప్పి స్నానానికి దిగాను. తిరిగొచ్చేసరికి కుడిది ఉంది, ఎడమది లేదు. హవాయి చెప్పు, నీలం పట్టీ, వేలి దగ్గర ఊడితే అడుగున పిన్నీసు గుచ్చి నడిపిస్తున్నది. ఏ దొంగా ఒంటి చెప్పు ఎత్తుకుపోడు కాబట్టి వాగే తీసుకుపోయి ఉండాలి. అప్పటికి వాగులో నీళ్లు తక్కువే. వానాకాలం దాకా ఇసుకలో ఓపిక పట్టి, వరదతో బయల్దేరి ఉంటుంది. జంపన్న వాగు గోదావరిలో కలుస్తుంది. గోదావరి భద్రాచలం దాటి, ధవళేశ్వరం బ్యారేజీకి ఉన్న 175 గేట్లలో ఏదో ఒకదాని కింద దూరి, చివరికి సముద్రంలో కలుస్తుంది. దారిలో ఎక్కడా చెక్‌పోస్టు లేదు. నీళ్ల దగ్గర బోర్డుల దాకా, కోర్టుల దాకా పోయే రెండు రాష్ట్రాలు, చెప్పుల దగ్గర ఎంత అన్యోన్యంగా ఉన్నాయో చూడండి.

హిందూ మహాసముద్రంలో ఆస్ట్రేలియాకు కోకోస్ అనే దీవులున్నాయి. జనాభా ఆరు వందల దాకా. అక్కడి తీరాల్లో 41.4 కోట్ల చెత్త ముక్కలున్నాయని 2019లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా వేసింది. అందులో చెప్పులూ బూట్లూ కలిపి 9.77 లక్షలు, టూత్‌బ్రష్‌లు 3.73 లక్షలు. చదవగానే నాకు ధైర్యం వచ్చింది. మా వాటా ఎక్కడికీ పోలేదు, అక్కడ భద్రంగా ఉంది. (బ్రష్‌ల సంగతి నేను పూచీ పడను. మా ఇంట్లో పాత బ్రష్ ముందు జుట్టుకు రంగేస్తుంది, తర్వాత మిక్సీ మూల కడుగుతుంది. సముద్రానికి అంత తొందరగా దక్కదు.)

ఇలాంటి ఆస్తిని కొందరు అడగకుండానే ఎత్తుకుపోతున్నారు. వాళ్లను వలంటీర్లు అంటారట. సీషెల్స్‌లో అల్డాబ్రా అనే దీవి ఉంది. మనుషులకంటే పెద్ద తాబేళ్లే ఎక్కువ. 2019లో పన్నెండు మంది అక్కడికి పోయి, ఐదు వారాలు ఎండలో వంగి 25 టన్నులు ఏరారు. ఎక్కువ భాగం చేపల వలలూ తాళ్లూ, మిగతావాటిలో మళ్లీ మన చెప్పులే. ఇంకా 500 టన్నుల పైనే మిగిలిందట. ఐదు వారాల ఫొటోలు చూశాను, ముఖ్య అతిథి ఒక్కడూ లేడు. ప్రారంభించేవాడు లేకుండా పని ఎలా మొదలైందో నాకు అర్థం కాలేదు.

మొన్న మా కాలనీలో స్వచ్ఛ కార్యక్రమం జరిగింది. ఫ్లెక్సీ మీద పద్నాలుగు తలకాయలు, కింద మూడు చీపుర్లు. చీపుర్లకు ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. రోడ్డు అప్పటికే శుభ్రంగా ఉండటంతో పక్క సందు నుంచి రెండు గంపల ఆకులు తెచ్చి పోయాల్సి వచ్చింది. శాలువాలతో కలిపి పదకొండు నిమిషాల్లో అయిపోయింది. సమోసా ప్లేట్లు, నీళ్ల బాటిళ్లు అక్కడే ఉంచాం, వచ్చే కార్యక్రమానికి ఆకుల కోసం వెతుక్కునే పని లేకుండా.

పసిఫిక్‌లోని హెండర్సన్ దీవికి పోయిన బృందం మీద మాత్రం నాకు గౌరవం ఉంది. మనుషులుండని దీవి, మా రామప్పలాగే యునెస్కో గుర్తింపు ఉన్నది. 2019లోనే అక్కడ ఆరు టన్నుల దాకా ఏరి మూటలు కట్టారు. తీరా చూస్తే అలల పోటుకు పడవ ఒడ్డుకు రాలేదు. మూటలు ఒడ్డు మీదే వదిలేసి వచ్చారు. ఇది అచ్చంగా మా పద్ధతి. మా వీధి నాలాలో ఏటా వానలకు ముందు పూడిక తీసి, పక్కనే కుప్ప పోస్తారు. నల్లటి బురద, అందులోంచి తొంగిచూసే పాల ప్యాకెట్లు, థర్మాకోల్ ముక్కలు, సిమెంటు సంచి. ట్రాక్టర్ రేపు వస్తుందంటారు. ఎల్లుండి వాన వస్తుంది. వాళ్లకు పడవ లేదు, మాకు ట్రాక్టర్ లేదు. తేడా ఏమన్నా ఉంటే, వాళ్లు పాపం దానికి బాధపడ్డారు.

కుడి చెప్పు రెండేళ్లు మంచం కింద దాచాను. ఎడమది ఎక్కడన్నా దొరికితే జత రుజువు చేయడానికి పనికొస్తుందని. మా ఆవిడకు ఈ వ్యాజ్యం మీద మొదటి నుంచీ నమ్మకం లేదు. "ఒంటి చెప్పు ఇంట్ల పెట్టుకుంటరా ఎవలన్న?" అని, పోయిన సోమవారం తీసుకెళ్లి నాలా పక్క కుప్ప మీద పడేసింది. బుధవారం రాత్రి గట్టి వాన. పొద్దున్నే లుంగీ ఎగ్గట్టి చూడ్డానికి పోతే కుప్ప సగమే ఉంది. చెప్పు లేదు.