కానిస్టేబుల్‌కు ఇంటర్ చాలు, ఇంట్లో రెండేళ్లు ఆగగలిగితే

హన్మకొండ ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌కు తెల్లవారుజామున ఐదింటికి వెళ్తే, నాలాగా షుగర్ తగ్గించుకోవడానికి నడిచేవాళ్లకంటే పరుగు తీసే పిల్లలే ఎక్కువ కనిపిస్తారు. నోటిఫికేషన్ ఉన్నా లేకున్నా వాళ్లు ఉంటారు. ఈమధ్య ఒక పిల్లవాడు నా పక్కన మెట్ల మీద కూర్చుని షూ లేసులు విప్పుకుంటూ అడిగాడు: "అన్నా, నాది ఇంటరే. డిగ్రీ లేదు, ఎక్కడా పనిచేసింది లేదు. కానిస్టేబుల్‌కు సరిపోతదంటున్నరు, నిజమేనా?" ఊరు గోవిందరావుపేట దగ్గర. చల్వాయిలోని పోలీసు ఐదో బెటాలియన్ గేటు ముందు నుంచే రోజూ బడికి పోయేవాడట. పోలీసు కావాలన్న ఆశ అక్కడే పుట్టిందన్నాడు.

నిజమేనని చెప్పాను. చెప్పాక ఇంటికి వచ్చి ఆలోచిస్తే, నేను చెప్పింది సగం నిజమేనని అర్థమైంది.

కాగితం మీద లెక్క తేలిక. ఎస్సై పోస్టుకు డిగ్రీ కావాలి, కానిస్టేబుల్‌కు ఇంటర్ చాలు. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు ఇంకాస్త సడలింపు ఉంది. పదో తరగతి పాసై, ఇంటర్ రెండేళ్లూ చదివి పరీక్షలు రాసి ఉంటే చాలు, ఇంటర్ పాస్ కాకున్నా దరఖాస్తు చేసుకోవచ్చు. ఈ సంగతి మన ఏజెన్సీ పల్లెల్లో చాలామందికి తెలియదు. తెలియక, ఇంటర్ ఫెయిలయ్యామని మిర్చి ఏరడానికి పోయినవాళ్లు నాకే ఇద్దరు ముగ్గురు తెలుసు. మగవాళ్లకు ఎత్తు 167.6 సెంటీమీటర్లు ఉండాలి, ఏజెన్సీ ప్రాంత గిరిజనులకు 160 చాలు. 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పరుగెత్తాలి, ఆడపిల్లలైతే 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో. లాంగ్‌జంప్, షాట్‌పుట్ సరేసరి. ఇంటర్వ్యూ లేదు. అనుభవం అడిగే గడి దరఖాస్తులో ఎక్కడా లేదు.

ఉండకూడని అనుభవం మాత్రం ఒకటి ఉంది, పోలీసు కేసు. అటెస్టేషన్ ఫారంలో దాన్ని దాచిపెట్టడం కేసు ఉండటంకంటే ఎక్కువ నష్టం చేస్తుంది. ఏ కేసు చిన్నది, ఏ దాపరికం పెద్దది అన్నది ఎలా తూచాలో సుప్రీంకోర్టు 2016లో అవతార్ సింగ్ కేసులో చెప్పింది. కాలేజీ గొడవల్లో, ధర్నాల్లో పేరెక్కిన పిల్లలు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి.

ఇక మిగతా సగం. ఇంటర్ వాడు గ్రౌండ్‌లో పోటీ పడేది ఇంటర్ వాడితో కాదు. ఎస్సై పోస్టుకు దరఖాస్తు చేసిన డిగ్రీ, బీటెక్ అభ్యర్థి కానిస్టేబుల్‌కు కూడా చేస్తాడు. సిలబస్‌లో చాలా భాగం ఒకటే, ఈవెంట్స్ (పరుగు, లాంగ్‌జంప్, షాట్‌పుట్) ఒకటే. ఎస్సై రాకపోతే ఇదైనా వస్తుందన్న లెక్క. 2022 నోటిఫికేషన్‌కు వచ్చిన దరఖాస్తులు దాదాపు 13 లక్షలు, చేసిన మనుషులు మాత్రం 7 లక్షల పైచిలుకు. మనిషికి ఇంచుమించు రెండు దరఖాస్తులన్నమాట. కానిస్టేబుల్ ప్రిలిమ్స్ రాసిన వాళ్లే ఆరు లక్షల మంది. క్వాలిఫైయింగ్ మార్కులు ఓసీలకు 30 శాతం, బీసీలకు 25, ఎస్సీ, ఎస్టీలకు 20 అని తగ్గించినా గట్టెక్కింది మూడో వంతుకు లోపే. తప్పు జవాబుకు మార్కు కోత కూడా ఉండటంతో గుడ్డిగా దిద్దిన వాళ్లంతా అక్కడే ఆగిపోయారు.

ఆ నోటిఫికేషన్ క్యాలెండర్‌ను ఒకసారి వరసగా చూడండి. 2022 ఏప్రిల్ 25న ప్రకటన. ఆగస్టు 28న ప్రిలిమ్స్. ఈవెంట్స్ అయ్యేసరికి కొత్త సంవత్సరం వచ్చింది. 2023 ఏప్రిల్ 30న తుది పరీక్ష. అక్టోబర్ 4న 15,750 మందితో ఎంపిక జాబితా. తర్వాత కొన్ని ప్రశ్నల మీద హైకోర్టులో వివాదం, మధ్యలో ఎన్నికలు, ప్రభుత్వం మారడం. నియామక పత్రాలు 2024 ఫిబ్రవరి 14న ఎల్బీ స్టేడియంలో ఇచ్చారు. ఆపైన తొమ్మిది నెలల శిక్షణ. అంటే దరఖాస్తు చేసిన రోజు నుంచి డ్యూటీ ఎక్కే రోజుకు రెండున్నరేళ్లు దాటింది. అంతకుముందు నోటిఫికేషన్ 2018ది. మధ్యలో నాలుగేళ్ల ఎండ.

ఈ ఎండలో ఎవరు నిలబడతారు? నా వాదన అంతా ఈ ప్రశ్న చుట్టే. నయీంనగర్ చుట్టుపక్కల హాస్టళ్లలో, స్టడీ హాళ్లలో నెలల తరబడి కూర్చోగలిగినవాడు నిలబడతాడు. ఆ హాస్టల్ ఫీజు, కోచింగ్ ఫీజు ప్రతినెలా పంపే తండ్రో అన్నో ఉన్నవాడు నిలబడతాడు. డిగ్రీ ఇక్కడ చదువుకు గుర్తు అనుకుంటే పొరపాటు. ఇంటర్ తర్వాత మూడునాలుగేళ్లు సంపాదించకపోయినా ఇల్లు గడిచిందని చెప్పే రశీదు అది. నిజంగా ఇంటర్‌తో ఆగిపోయిన పిల్లవాడు ఎందుకు ఆగాడో ఆలోచిస్తే, వాడికి ఈ పోటీలో లేనిది ఏమిటో కూడా తెలుస్తుంది. వాడు పత్తి ఏరే రోజుల్లో గ్రౌండ్‌కు రాలేడు. ట్రాక్టర్ మీద డ్రైవర్‌గా పోతే సాయంత్రం అరిథ్‌మెటిక్ లెక్కలు చేయలేడు. 1600 మీటర్లు వాడికి సమస్యే కాదు, చెరువు కట్ట మీద పరుగెత్తినవాడు. వాడు ఓడిపోయేది తుది పరీక్షలోని 200 మార్కుల దగ్గర.

వయసు సంగతి కూడా ఇందులో భాగమే. 2022లో గరిష్ఠ వయోపరిమితిని రెండు విడతలుగా ఐదేళ్లు పెంచారు. నాలుగేళ్లు నోటిఫికేషన్ లేక వయసు మీరినవాళ్లకు అది న్యాయమే, కాదనను. కానీ దాంతో పంతొమ్మిదేళ్ల పిల్లవాడు ముప్ఫైకి దగ్గర పడ్డ, మూడు పరీక్షలు రాసి రాటుదేలిన అభ్యర్థి పక్కన కూర్చోవాల్సి వచ్చింది. అనుభవం అక్కర్లేని ఉద్యోగానికి పరీక్షలు రాసిన అనుభవమే అర్హతైంది.

మన ప్రాంతంలో ఇదొక వింత మలుపు. ఎనభై, తొంభైల్లో ఉత్తర తెలంగాణ పల్లెల్లో పోలీసు ఉద్యోగమంటే ఇంట్లోవాళ్లు భయపడేవాళ్లు. ఉద్యోగం వచ్చినవాడు పండక్కి కూడా సొంతూరికి పోవడానికి జంకిన రోజులవి. పగలు పోలీసులు, రాత్రి నక్సలైట్లు వచ్చి ప్రశ్నలడిగే ఆ ఊళ్లనుంచే ఇవాళ పిల్లలు వచ్చి గ్రౌండ్ నింపుతున్నారు. ఆడపిల్లలు కూడా. సివిల్ పోస్టుల్లో మూడో వంతు వాళ్లకే కేటాయించడం వల్ల వచ్చిన మార్పు అది, ఉపన్యాసాల వల్ల కాదు.

"ఎలాగూ డిగ్రీవాళ్లే వస్తున్నారు, అర్హతే డిగ్రీ చేస్తే పోదా" అని ఒక రిటైర్డ్ అధికారి నాతో వాదించారు. సైబర్ నేరాలు, కొత్త చట్టాలు, ట్యాబుల్లో పంచనామాలు, ఇంటర్ వాడితో అవుతుందా అని ఆయన ప్రశ్న. నేను ఒప్పుకోను. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అది బీటెక్ చదివినవాడికీ కొత్తే, ఇంటర్ వాడికీ కొత్తే, ముప్ఫై ఏళ్ల సర్వీసున్న హెడ్ కానిస్టేబుల్‌కూ కొత్తే. చట్టం, డ్రిల్లు, కేసు డైరీ, బందోబస్తు ఏదీ డిగ్రీ కాలేజీలో చెప్పరు. ఆ తొమ్మిది నెలల శిక్షణలో చెప్తారు. మిగిలింది స్టేషన్‌లో రాతపనులు చూసే రైటర్ పక్కన కూర్చుని నేర్చుకుంటారు. ఊళ్లో భూమి తగాదా ఏ గట్టు దగ్గర మొదలైందో మాట వినగానే పట్టుకునే తెలివి కొంతమందికి ముందే ఉంటుంది. దానికి ఏ యూనివర్సిటీ సర్టిఫికెట్ ఇవ్వదు.

పైగా ఎక్కువ చదివినవాడు కింది ఉద్యోగంలో ఎంతకాలం ఉంటాడు? 2020 పీఆర్సీ (వేతన సవరణ) ప్రకారం కానిస్టేబుల్ స్కేలు రూ.24,280 దగ్గర మొదలవుతుంది, ఎస్సైది రూ.42,300 దగ్గర. ఈ తేడా చూసి కానిస్టేబుల్ అయ్యాక కూడా గ్రూప్స్ పుస్తకాలు పక్కన పెట్టనివాళ్లున్నారు. తప్పు కాదు. కానీ వాళ్లు వెళ్లిపోయిన సీటు మళ్లీ నోటిఫికేషన్ దాకా ఖాళీగా ఉంటుంది, ఆ డ్యూటీ పక్కవాడి మీద పడుతుంది.

బెటాలియన్ల సంగతి వేరే చెప్పాలి. ఇంటర్ పిల్లలు కలగనేది సివిల్ పోలీసు, స్టేషన్, బైకు. ర్యాంకు తక్కువైతే వచ్చేది బెటాలియన్, అంటే స్టేషన్‌లో కాకుండా బందోబస్తుకు పంపే సాయుధ దళం. మామునూరు నాలుగో బెటాలియన్‌లో పోస్టింగ్ అంటే హన్మకొండలో ఇల్లు అనుకునేరు. డ్యూటీ ఎక్కడ పడితే అక్కడికి వెళ్లాలి. 2024 అక్టోబర్‌లో 'ఏక్ పోలీస్', అంటే పోలీసులందరికీ ఒకే విధానం, కావాలని బెటాలియన్ల కానిస్టేబుళ్లు, వాళ్ల భార్యలు రోడ్డెక్కారు. 39 మంది సస్పెండయ్యారు, పదిమందిని ఉద్యోగంలోంచి తీసేశారు. క్రమశిక్షణ ఉన్న దళంలో ధర్నా తప్పే అనుకున్నా, చిన్న పిల్లల్ని ఎత్తుకుని వచ్చిన ఆ భార్యల మాటల్లో సెలవు తప్ప వేరే పెద్ద కోరికేమీ నాకు వినబడలేదు. దరఖాస్తులో పోస్టుల ప్రాధాన్యం పెట్టేటప్పుడు ఏఆర్ (ఆర్మ్‌డ్ రిజర్వ్) అంటే ఏమిటి, బెటాలియన్ అంటే ఏమిటి అని పిల్లలకు కూర్చోబెట్టి చెప్పేవాళ్లు కావాలి. ఎక్కువమంది ఏదో ఒక యూనిఫాం అని టిక్కు పెట్టేస్తారు.

ఏం చేయాలి అంటే, నాకు తోచింది రెండే. నోటిఫికేషన్ చిన్నదైనా సరే ఏటా రావాలి. పదహారు వేల పోస్టులు నాలుగేళ్లకోసారి వేస్తే అది తీరిక ఉన్నవాళ్ల పండగ. ఏటా నాలుగు వేలు వేస్తే, ఒక ఏడు పోయినా వచ్చే ఏడు ఉందని పనిచేసుకుంటూ చదివేవాడు కూడా బరిలో ఉంటాడు. రెండోది, ఉచిత కోచింగ్. కమిషనరేట్లు గతంలో ఇచ్చాయి, మంచి పనే. కానీ అది నోటిఫికేషన్ పడ్డాక మొదలై పరీక్షతో ముగుస్తుంది. ఏటూరునాగారం, భూపాలపల్లి లాంటి చోట్ల భోజనంతో సహా ఏడాది పొడవునా నడపాలి. రాని బస్సు కోసం హన్మకొండ స్టాపులో పిల్లల్ని నిలబెట్టడంకంటే అది చవక.

మొన్న ఆ పిల్లవాడు మళ్లీ కనిపించాడు. నోటిఫికేషన్ కోసం చూస్తూనే ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీ కట్టుకో, రేపు ఎస్సై పరీక్షకైనా పనికొస్తుంది అన్నాను. వాడు నవ్వాడు. "డిగ్రీ లేకున్నా వస్తదనే గదన్నా ఇటొచ్చింది."