స్క్రీన్ వంగని కెమెరాతో సిరిమానుని తీయలేం

టెక్కలి నుంచి మా మేనల్లుడు వారం రోజులుగా ఒకటే ఫోన్లు. "మావయ్యా, ఏ కెమెరా కొనమంటావు? కొత్త కెనాన్ ఆర్100 ఒకటుంది, డిస్కౌంట్లో నికాన్ జెడ్50 ఒకటుంది. రేట్లలో పెద్ద తేడా లేదు." వైజాగ్‌లో షాపు కుర్రాడేమో "జెడ్50 పాత మోడల్ సార్, దాని రెండో తరం 2024లోనే వచ్చేసింది, ఇప్పుడెవరు తీసుకుంటున్నారు" అని చెవిలో ఊదాడట. అప్పట్నుంచి వీడికి టెన్షన్. ఇంత డబ్బు పోసి పాతది కొంటే ఫ్రెండ్స్ నవ్వుతారని భయం. కొత్తొక వింత, పాతొక రోత అంటారే, సరిగ్గా అదే.

ఆ కుర్రాడు చెప్పని సంగతి ఒకటుంది. ఆర్100 మార్కెట్లోకి వచ్చింది 2023లో, నిజమే. కానీ లోపలున్న డిజిక్ 8 ప్రాసెసర్, అంటే ఫొటోని తయారుచేసే చిప్, 2018 నాటి కెనాన్ ఎం50 కెమెరాలో ఉన్నదే. జెడ్50 వచ్చింది 2019లో. దాని ప్రాసెసరూ పసిదేం కాదు లెండి. అయితే ఆర్100ని తక్కువ రేటుకి అమ్మాలనే చేశారు కాబట్టి, ఎక్కడ కోత పెట్టొచ్చో అక్కడల్లా పెట్టారు. జెడ్50ని ఓ మెట్టు పైన నిలబెట్టి చేసి, ఇప్పుడు రేటు దించారు. నన్నడిగితే రెండోదే బేరం.

కోతల్లో నాకు అస్సలు మింగుడుపడనిది స్క్రీన్. ఆర్100 వెనక స్క్రీన్ బిగించినట్టే ఉంటుంది. పైకి లేవదు, కిందికి వంగదు, టచ్ కూడా పనిచేయదు. చవక ఫోనుకి కూడా టచ్ ఉన్న రోజుల్లో ఇదేం పిసినారితనం?

ఇందులో ఏముంది అనుకునేవాళ్లు ఒక్కసారి విజయనగరం వచ్చి పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవంలో నిలబడండి. దసరా వెళ్లిన మంగళవారం, మధ్యాహ్నం నుంచే మూడు లాంతర్ల సెంటర్ దగ్గర కాలు పెట్టే చోటుండదు. ఊరేగింపులో పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు ముందు కదులుతాయి. తర్వాత సిరిమాను. పొడవాటి చింతమాను కొసన కూర్చున్న పూజారి జనం తలల మీదుగా తేలుతూ వస్తుంటే నాలుగు వైపుల నుంచీ అరటిపళ్లు విసురుతారు. ఆ క్షణంలో కెమెరా కంటి దగ్గర పెట్టుకునే వీలెక్కడిది? రెండు చేతులూ పైకెత్తి, అందినంత ఎత్తులో పట్టుకుని నొక్కాలి. ఒక ఏడాది నేను స్క్రీన్ కదలని నా పాత కెమెరాతో వెళ్లాను. ఇంటికొచ్చి చూసుకుంటే కరెంటు తీగలు, ఆకాశం, ఎవరిదో బట్టతల. మాను చివర మాత్రం ఒక్క ఫొటోలోనూ లేదు. అమ్మవారే దాటిపోయారు నన్ను! జెడ్50 స్క్రీన్ కిందికి వంగుతుంది, చేతులెత్తినా ఏం పడుతుందో కనిపిస్తుంది. (అదే స్క్రీన్‌తో సెల్ఫీ వీడియో తీద్దామని ట్రైపాడ్ మీద పెడితే మాత్రం అడ్డం పడుతుంది. అదీ చెప్పాలిగా.)

ఇక మావాడి అసలు సరదా టెక్కలి దగ్గరి తేలినీలాపురం పక్షులు. చింతచెట్ల మీద గూళ్లు కట్టుకునే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు. ఎగిరే పక్షిని ఫోకస్ వదలకుండా వరసగా తీయాలంటే ఆర్100 సెకనుకి 3.5 ఫొటోలే ఇస్తుంది. జెడ్50 ఇచ్చేది 11. రెక్క ఏ కోణంలో ఉండగా పడిందన్నదే మొత్తం ఫొటో కదా, మూడుకీ పదకొండుకీ పోలికెక్కడ! లెన్సు కూడా చూడండి. ఆర్100కి జతగా అమ్మే జూమ్ 210 ఎంఎం దాకా వెళ్తుంది, ఆ కొసన అపర్చర్, అంటే వెలుతురు లోపలికొచ్చే కంత, 7.1 (ఈ అంకె ఎంత చిన్నదైతే అంత ఎక్కువ వెలుతురు). నికాన్ జత లెన్సు 250 దాకా, 6.3. సాయంత్రం వెలుతురు పడిపోతున్నప్పుడు ఆ కాస్త తేడా కూడా పనికొస్తుంది. వీడియో సంగతి ఒక్క ముక్క: ఆర్100లో 4కే పెడితే ఫ్రేమ్ బాగా కుదించుకుపోతుంది, కెనాన్‌కి పేరు తెచ్చిన, చకచకా ఫోకస్ పట్టే డ్యూయల్ పిక్సెల్ పద్ధతి కూడా ఆగిపోతుంది.

ఆర్100ని తిట్టడమే పనిగా పెట్టుకోలేదు. బరువు 356 గ్రాములు, జెడ్50 కంటే సుమారు వంద గ్రాములు తక్కువ. మెగాపిక్సెళ్లు 24, అక్కడ 21 కూడా పూర్తిగా లేవు. ఇంట్లో పిల్లల్ని, అరసవల్లి వెళ్లినప్పుడు కుటుంబాన్ని తీసుకోవడానికి చక్కగా సరిపోతుంది. జెడ్50 వయసు బయటపడేది ఛార్జింగ్ దగ్గర. ఇంకా ఆ పాత మైక్రో యుఎస్‌బీయే. ఇంట్లో ఏ డ్రాయర్లోనో కేబుల్ ఉంటుంది, వెతుక్కోవాలి.

పాతది చవకని కళ్లు మూసుకుని ఎగబడకండి. ఎం50 మార్క్ 2 కూడా తక్కువకే దొరుకుతుంది, కెమెరా మంచిదే. కానీ ఆ ఎం వరసనే కెనాన్ ఆపేసింది. రేపు దానికి కొత్త లెన్సు రాదు. బాడీ పాతదైతే పర్లేదు, మౌంట్, అంటే లెన్సు బిగించే అమరిక, బతికుండాలి. డిస్కౌంట్ పెట్టె తీసుకునేటప్పుడు సీలు, జీఎస్‌టీ బిల్లు, ఇండియా వారంటీ చూసుకోండి. షోకేసులో పెట్టిన పీసుని కొత్తదని అంటగట్టే ఘనులున్నారు. నాకూ ఒకసారి తగిలారు, ఆ కథ ఇప్పుడొద్దు.

చివరికి మావాడు రెండు లెన్సుల జెడ్50 కిట్టే కొన్నాడు. మొన్న ఆదివారం తేలినీలాపురం నుంచి వాట్సాప్‌లో ఫొటో పంపాడు. గూడబాతు సగమే ఉంది, తోక ఫ్రేమ్ బయట. "తోకేదిరా?" అన్నాను.

"తోక సంగతి వదిలీ మావయ్యా, కన్ను చూడు, ఎంత షార్ప్‌గా వచ్చిందో!"