లినక్స్ వైఫైని దయచేసి బాగుచెయ్యకండి

ఈ మధ్య కొందరు చాలా బాధ్యతారహితంగా మాట్లాడుతున్నారు. విండోస్‌కి బదులు కంప్యూటర్లో వేసుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ ఉంది కదా, అందులో వైఫై ఇప్పుడు బాగానే పనిచేస్తోందట. కొత్త ల్యాప్‌టాప్ కొని, లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటు వేసి, పాస్‌వర్డ్ కొడితే మొదటి దెబ్బకే కనెక్ట్ అయిపోయిందట. ఇలాంటి పుకార్లు యువత మీద ఎలాంటి ప్రభావం చూపుతాయో ఆలోచించే నాథుడే లేడు. వైఫై పడిపోకపోతే మనిషి తన కంప్యూటర్లో ఏ చిప్పు ఉందో ఎప్పటికి తెలుసుకుంటాడు? ఆదేశాలు టైప్ చేసే టెర్మినల్ తెరవాల్సిన అవసరం వాడికేముంటుంది? విండోస్ వాడేవాణ్ణి అడిగి చూడండి, నీ వైఫై కార్డు పేరేంటి నాయనా అని. తెల్లమొహం వేస్తాడు. అదే లినక్స్ వాడే ఇంటర్ కుర్రాణ్ణి అర్ధరాత్రి నిద్రలేపి అడిగినా 'రియల్‌టెక్ 8723బీఈ, రెండో యాంటెన్నా' అని తడుముకోకుండా చెబుతాడు.

ఆ రెండో యాంటెన్నా సంగతి తెలియనివాళ్ళ కోసం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన విద్యావిధానానికి పునాదిరాయి అదే. ఆ కార్డు మీద యాంటెన్నా వైరు తగిలించడానికి చిన్న చిన్న పిన్నులు రెండుంటాయి. చవక ల్యాప్‌టాప్‌లు తయారుచేసేవాళ్ళు రెండు వైర్లెందుకు దండగ అని ఒక్కటే ఇచ్చారు. సరే, పొదుపు మంచిదే. ఆ ఒక్క వైరు ఏ పిన్నుకి తగిలించారో కార్డు లోపలి మెమరీలో రాసి పెట్టాలి కదా, కొన్ని మోడళ్ళలో అది తప్పుగా రాశారు. కార్డుని నడిపించే ప్రోగ్రాం, అంటే లినక్స్ డ్రైవర్, అమాయకపు జీవి, రాసిందాన్ని నమ్మి, వైరు లేని పిన్ను దగ్గర చెవి పెట్టి కూర్చుంటుంది. దాంతో రౌటర్ అదే గదిలో ఉన్నా సిగ్నల్ ఒక్క గీత. ల్యాప్‌టాప్‌ని తీసుకెళ్ళి రౌటర్‌కి ఆనించి పెడితే కనెక్ట్ అవుతుంది, అక్కణ్ణుంచి మంచం దాకా తెచ్చేలోపు పోతుంది. దీనికి మందేమిటంటే మోడ్‌ప్రోబ్ డాట్ డీ అనే ఫోల్డర్‌లో ఒక ఫైలు పెట్టి, అందులో ఆ డ్రైవర్ పేరు రాసి, పక్కన ఏఎన్‌టీ_సెల్ ఈక్వల్ టు 2 అని రాసి, రీబూట్ చెయ్యడం. 2 పనిచెయ్యకపోతే 1. ఏది సరైందో ముందే తెలుసుకునే దారి లేదా అంటే ఉంది, స్క్రూడ్రైవర్ తీసుకుని వెనక మూత విప్పి చూడొచ్చు. ఒక్క తప్పు అంకె వల్ల ఒక సామాన్య పౌరుడు రేడియో ఇంజనీర్ అయిపోయాడు. ఏ స్కిల్ డెవలప్‌మెంట్ పథకానికి ఇది సాధ్యం?

తర్వాతి పాఠం వేదాంతం. టెర్మినల్‌లో ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్ అని కొడితే వైఫైని ఎవరు ఆపారో చెబుతుంది. సాఫ్ట్ బ్లాక్ అని వస్తే మీరే ఎక్కడో ఆఫ్ నొక్కారని, అన్‌బ్లాక్ అని కొడితే సరిపోతుంది. హార్డ్ బ్లాక్ అని వస్తే ల్యాప్‌టాప్ అంచున ఉండే స్విచ్ ఆఫ్‌లో ఉందని, చేత్తో జరపాలి. మరి ల్యాప్‌టాప్‌కి అసలు స్విచ్చే లేకపోతే? లినక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్‌లో, లెనోవో ఐడియాప్యాడ్‌ల కోసం ఐడియాప్యాడ్_ల్యాప్‌టాప్ అని ఒక మాడ్యూల్ ఉంది. అది స్విచ్ ఏ స్థితిలో ఉందని ఫర్మ్‌వేర్‌ని, అంటే పరికరంలోనే ఉండే ప్రోగ్రాంని, అడిగేది. స్విచ్ లేని మోడళ్ళలో కూడా అడిగేది. అడిగారు కదా ఏదో ఒకటి చెప్పాలని ఫర్మ్‌వేర్ ఆఫ్‌లో ఉందనేది. అంతే, వైఫై బంద్. దీనికి కెర్నెల్ వాళ్ళు స్విచ్ లేని మోడళ్ళ జాబితా ఒకటి తయారుచేశారు. ఎవరో ఒకరి వైఫై పోవడం, వాళ్ళు గోల పెట్టడం, జాబితాలో ఇంకో మోడల్ చేరడం, ఇలా కొన్నేళ్ళు నడిచింది. చివరికి లేనివాటిని రాసుకుంటూ పోవడం కంటే ఉన్నవాటిని రాసుకోవడం తేలికని గ్రహించి పాత జాబితాని ఎత్తేశారు. నన్నడిగితే ఎత్తెయ్యడం పెద్ద పొరపాటు. లేని స్విచ్ కోసం ల్యాప్‌టాప్‌ని నాలుగువైపులా తిప్పి తడిమి చూసే మనిషికి కలిగే వైరాగ్యం ఏ ఆశ్రమానికి వెళ్ళినా రాదు.

వేదాంతం అయ్యాక లెక్కలు. వైఫై ఉండి ఉండి నత్తనడక నడుస్తోందని ఎవరైనా మొరపెట్టుకుంటే తెలిసినవాళ్ళు ముందు చెప్పేది పవర్ సేవింగ్ తీసెయ్యమని. ఇదేదో గాలిమాట కాదు, నిజంగానే చాలామందికి ఇది పనిచేస్తుంది. బ్యాటరీ ఆదా చెయ్యడానికి కార్డు మధ్యమధ్యలో కునుకు తీస్తుంది, కొన్ని కార్డులకి ఆ కునుకు నుంచి లేవడం సరిగ్గా చేతకాదు. ఉబుంటులో దీని కోసం నెట్‌వర్క్ మేనేజర్ ఫోల్డర్‌లో ఒక చిన్న ఫైలుంది, అందులో వైఫై డాట్ పవర్‌సేవ్ ఈక్వల్ టు 3 అని ఉంటుంది. 3 అంటే ఆన్. ఆఫ్ చెయ్యాలంటే మీరూ నేనూ 0 అనుకుంటాం. కాదు, 2. మరి 0 దేనికి? డీఫాల్ట్ ఏదుంటే అది. 1? ముట్టుకోకుండా ఉన్నదున్నట్టు వదిలెయ్యమని.

ఇది తేలిగ్గా ఉందనుకునేవాళ్ళ కోసం ఇంటెల్ కార్డుల డ్రైవర్ ఐడబ్ల్యూఎల్‌వైఫైలో పై తరగతి పాఠం పెట్టారు. అందులో 11ఎన్_డిజేబుల్ అని ఒక ఆప్షన్. 1 పెడితే 11ఎన్ అనే వేగమైన వైఫై పద్ధతి మొత్తం ఆగిపోతుంది, కనెక్షన్ నిలబడినా స్పీడు మాత్రం 2003 నాటి 54 ఎంబీపీఎస్‌కి దిగిపోతుంది. 2 పెడితే డేటా ప్యాకెట్లని కట్టలు కట్టి పంపడం ఆగుతుంది. 4 పెడితే కట్టలుగా అందుకోవడం ఆగుతుంది. 8 పెడితే కట్టలు కట్టి పంపడం మొదలవుతుంది. అవునండీ, డిజేబుల్ అనే ఆప్షన్‌లో 8 పెడితే ఎనేబుల్. దీన్ని ఒక్కసారి మింగినవాడికి జీఎస్టీ ఫారాలు ఓ లెక్కా?

ఇంత చేసినా పోతుంటే లాగ్ చూడమంటారు. చూస్తే అందులో తాను ఫలానా రౌటర్ నుంచి స్వయం నిర్ణయంతో విడిపోతున్నానని, కారణం నంబర్ 3 అని కంప్యూటర్ రాసి పెట్టి ఉంటుంది. ఏమిటయ్యా ఆ మూడో కారణమని ప్రమాణాల పుస్తకం తిరగేస్తే, వెళ్ళిపోతోంది కాబట్టి వెళ్ళిపోతోంది అని తేలుతుంది. ప్రభుత్వ శాఖల ప్రెస్ నోట్లు రాసేవాళ్ళు ఈ వాక్య నిర్మాణాన్ని శ్రద్ధగా గమనించాలి.

ఇక డ్రైవరే లేని కార్డుల సంగతి. నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి, డ్రైవర్ దించుకోవాలంటే నెట్ కావాలి. పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు, పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు. డెబియన్ అనే మరో రకం లినక్స్ వాళ్ళు ఈ సూత్రాన్ని చాలాకాలం నిష్ఠగా పాటించారు. కోడ్ అందరికీ ఇచ్చే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాని ఫర్మ్‌వేర్ మా అధికారిక ఇన్‌స్టాలర్‌లో పెట్టం, కావాలంటే వేరే పెన్‌డ్రైవ్‌లో నువ్వే తెచ్చుకో అనేవాళ్ళు. మడి అంటే అలా ఉండాలి. 2022లో ఓటింగ్ పెట్టుకుని మరీ దాన్ని సడలించారు, 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఫర్మ్‌వేర్ లోపలే వచ్చేస్తోంది. ఆచారాలు మంటగలిసిపోతున్నాయనడానికి ఇంకేం రుజువు కావాలి?

పోనీ యూఎస్‌బీ పోర్టులో పెట్టుకునే వైఫై డాంగిల్ కొనుక్కుందామంటే, కొన్ని రకాల్లో అది పెట్టగానే సీడీ డ్రైవ్‌గా కనిపిస్తుంది. నేను తమాషాకి అనడం లేదు. దాని కడుపులో విండోస్ డ్రైవర్ పెట్టి అమ్ముతారు కాబట్టి ముందు సీడీలా వేషం వేస్తుంది, ఆ సీడీని ఎజెక్ట్ చేస్తే అప్పుడు వైఫైగా మారుతుంది. లినక్స్‌లో ఈ వేషం మార్పించడానికే యూఎస్‌బీ_మోడ్‌స్విచ్ అని ప్రత్యేకంగా ఒక ప్రోగ్రాం ఉంది. మారాక దాని డ్రైవర్ని ఎవరో పుణ్యాత్ముడు తీరిక వేళల్లో నడిపిస్తుంటాడు, అది తెచ్చి మీ మెషీన్లోనే కంపైల్ చేసుకోవాలి, సంతకం లేని కోడ్‌ని రానివ్వని సెక్యూర్ బూట్ ఉంటే దానికో తాళంచెవి సృష్టించి సంతకం చేసుకోవాలి, ఆ తర్వాత కెర్నెల్ అప్‌డేట్ వచ్చిన రోజున ఇదంతా మళ్ళీ మొదలుపెట్టాలి. ఆ పుణ్యాత్ముడికి ఉద్యోగం మారిందనుకోండి, పిల్లలు పుట్టారనుకోండి, ఇక మీ వైఫైకి ఆ కెర్నెలే ఆఖరు.

ఇక్కడే కొందరు కుట్రపూరితంగా ఒక ప్రశ్న లేవదీస్తారు. ఇంత గందరగోళంలో ఆపద్ధర్మంగా మనం ఏం చేస్తాం? ఫోన్‌ని కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి కలిపి ఫోన్ నెట్‌ని ల్యాప్‌టాప్‌కి ఇచ్చే యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తాం. ఆ ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఉన్నదీ లినక్స్ కెర్నెలే. దాని వైఫై ఏ ఫైలూ రాయకుండా, ఏ అంకే మార్చకుండా, జేబులో పడి పనిచేస్తూ ఉంటుంది. అటు చివర రౌటర్ ఉంది చూశారూ, చాలావాటిలో అదీ లినక్సే. అదే లినక్స్ అక్కడ పనిచేస్తుంటే ల్యాప్‌టాప్‌లోనే ఎందుకు చెయ్యదు అన్నదే వాళ్ళ ప్రశ్న. లింక్‌సిస్ వాళ్ళ డబ్ల్యూఆర్‌టీ54జీ రౌటర్ 2002 చివర్లో వచ్చింది, లోపల లినక్స్ నడుస్తోందని జనం పట్టుకుంటే లినక్స్ లైసెన్స్ షరతు వల్ల 2003లో సోర్స్ కోడ్ బయటపెట్టక తప్పలేదు. అందులో ఉన్నది బ్రాడ్‌కామ్ చిప్పు. అదే కంపెనీ వైఫై చిప్పు ల్యాప్‌టాప్‌లో ఉంటే మాత్రం ఆ రోజుల్లో దిక్కు లేదు. బయటి ప్రోగ్రామర్లు చిప్పు ఎలా పనిచేస్తుందో గుడ్డిగా తడిమి తెలుసుకుని బీ43 డ్రైవర్ రాశారు, దానికి కావాల్సిన ఫర్మ్‌వేర్‌ని కంపెనీ డ్రైవర్ ఫైళ్ళలోంచి కోసి తీసుకునే పనిముట్టు కూడా వాళ్ళే రాసుకున్నారు. కంపెనీ తనంతట తాను ఓపెన్ సోర్స్ డ్రైవర్ ఇచ్చింది 2010 సెప్టెంబరులో. అంటే రౌటర్ అమ్ముకునేటప్పుడు లినక్స్‌తో స్నేహం కుదిరింది, ల్యాప్‌టాప్ అమ్మేశాక కుదరలేదు. రౌటర్ కంపెనీ లక్షల చిప్పులు కొంటుంది, కాబట్టి దాని ఫోన్ ఎత్తుతారు. మనం కొన్నది ఒక్క ల్యాప్‌టాప్, అది కూడా విండోస్ స్టిక్కర్‌తో.

ఈ వాదన వినడానికి బాగానే ఉంటుంది గానీ చాలా ప్రమాదకరం. తప్పు కంపెనీదని ఒప్పుకుంటే, ఇన్నాళ్ళూ అర్ధరాత్రి దాకా కూర్చుని మనం సంపాదించిన జ్ఞానమంతా ఏమవుతుంది? వాళ్ళు చెయ్యాల్సిన పనిని మనచేత ఊరికే చేయించుకున్నారని తేలిపోదూ? అందుకే మనవాళ్ళు సహాయం అడిగినవాణ్ణే ముందు నిలదీస్తారు: కొనేముందు చిప్పు చూసుకోవద్దా, ఆ రకం లినక్స్ ఎందుకు వేశావ్, నాకు బాగానే వస్తోందే. చివరి మాట ముఖ్యంగా ఎంతో ధైర్యాన్నిస్తుంది. జ్వరంతో వెళితే డాక్టరు తన చెయ్యి పట్టుకుని చూసుకుని, నాకు చల్లగానే ఉందే అన్నంత ధైర్యం.

న్యాయంగా చెప్పాలంటే అన్ని పాపాలూ చిప్పువి కావు. కూకట్‌పల్లిలో ఏ అపార్ట్‌మెంట్‌లోనైనా నెట్‌వర్క్‌ల లిస్టు తెరిస్తే పెళ్ళి శుభలేఖల చిట్టా అంత పొడవుంటుంది. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఒకదానికొకటి తగలకుండా ఉండే చానెళ్ళు 1, 6, 11, అంటే మూడే. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లూ అక్కడే, వంటింట్లో మైక్రోవేవ్ అవెనూ అక్కడే. మనదేశంలో 13వ చానెల్ దాకా వాడుకోవచ్చు కదా అని రౌటర్ తెలివిగా 13కి జరిగిందనుకోండి, అమెరికా నియమాలతో పుట్టిన కార్డుకి అది కనిపించనే కనిపించదు, ఐడబ్ల్యూ రెగ్ సెట్ ఐఎన్ అని కొట్టి మనం ఉన్నది ఇండియాలో తల్లీ అని బతిమాలినా కొన్ని కార్డులు వినవు. హెచ్1బీ వచ్చాక కూడా ఇంత విధేయత మనవాళ్ళలో చూడలేదు.

కాబట్టి నా డిమాండ్లు స్పష్టంగా ఉన్నాయి. ఇంజనీరింగ్‌లో చేరిన ప్రతి విద్యార్థికీ మొదటి ఏడాది పనిచెయ్యని వైఫై కార్డు ఒకటి ఉచితంగా ఇవ్వాలి. వైవాలో కెర్నెల్ సందేశాల చిట్టా అయిన డీమెసేజ్ అవుట్‌పుట్ చదివించాలి. అమీర్‌పేటలో ఫీజులు కట్టి నేర్చుకునేదంతా దానంతటదే వచ్చేస్తుంది. కార్డు తీసేసి ఇంటెల్‌ది వేసుకో, వెయ్యి రెండు వేలలో పోతుంది అని సలహా ఇచ్చేవాళ్ళని క్యాంపస్‌లోకి రానివ్వకూడదు. కొన్ని పాత ల్యాప్‌టాప్‌ల బయోస్, అంటే ఆన్ చెయ్యగానే ముందు నడిచే ప్రోగ్రాం, తన జాబితాలో లేని కార్డు పెడితే బూట్ కూడా అవ్వనని మొండికేస్తుంది, ఆ కంపెనీలకి మాత్రం విద్యాసేవ కింద ఏదైనా పురస్కారం ఇవ్వొచ్చు.

ఇంత గొడవెందుకు, ల్యాన్ కేబుల్ పెట్టుకోవచ్చుగా అనే పెద్దలు ఎప్పుడూ ఉంటారు. సన్నటి ల్యాప్‌టాప్‌లకి ఆ పోర్టే తీసేశారు, దానికి ఇంకో యూఎస్‌బీ అడాప్టర్ కొనాలి. నేను వాకబు చేశాను. అలాంటి అడాప్టర్లలో చాలావాటి లోపల ఉండేది ఆర్‌టీఎల్8153, మళ్ళీ ఆ రియల్‌టెక్ చిప్పే. దాని డ్రైవర్ కెర్నెల్‌లోనే ఉంది, పెట్టగానే మామూలుగా పనిచేసేస్తుంది. ఏ ఫైలూ తెరవక్కర్లేదు, ఏ అంకే మార్చక్కర్లేదు, పైగా స్పీడు గిగాబిట్. అందువల్ల ఈ పద్ధతిని నేను ఎవరికీ సిఫారసు చెయ్యలేను.