పచ్చగా ఉంటే పొలమేనా?

దాళ్వా (రెండో పంట వరి) కోతలు ముగిశాయో లేదో, కాలువ గట్ల మీద టిప్పర్లు బారులు తీరతాయి. ఎకరం పల్లం వారంలో మెరకవుతుంది, రంగులేసిన హద్దురాళ్లు లేస్తాయి. ఇళ్లు మాత్రం లేవవు. రెండు వానలు పడితే గడ్డి మొలుస్తుంది, పైనుంచి చూసే ఉపగ్రహానికి అదీ పచ్చని నేలే. పక్క చేలో నారు కుళ్లిన రైతుకు అసలు సంగతి తెలుసు: అతని నీరు దిగే బోదె ఆ మెరక కిందే ఉంది.

గోదావరి డెల్టాలో ఊళ్లు మింగిన నేలెంతో తేల్చే లెక్క ఇక్కడే తప్పుతోంది. ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రంలో ఒక్క చుక్క 30 మీటర్ల చదరం, అంటే మన కొలతలో 22 సెంట్లు. నాలుగు సెంట్ల డాబా, చుట్టూ కొబ్బరి చెట్లు ఉంటే ఆ చుక్క మొత్తం తోట కిందే జమ. 2015 నుంచి వస్తున్న సెంటినెల్ ఉపగ్రహ చిత్రాల్లో చుక్క 10 మీటర్లే, సుమారు 120 గజాలు. సరిగ్గా ఒక ప్లాటంత! అయినా కోనసీమలో కొబ్బరి మట్టల చాటునున్న ఇల్లు దానికీ చిక్కదు.

చెరువుల లెక్క ఇంకా విడ్డూరం. భీమవరం చుట్టూ వరి చేలు రొయ్యల చెరువులైతే పటంలో నీటి నీలం పెరుగుతుంది. కొల్లేరు నీలమే, అందులో గట్లు పోసి చేపలు పెంచినా నీలమే.

పోనీ రెవెన్యూ రికార్డు చూద్దామా? 2025లో రద్దయ్యే దాకా నాలా రుసుము (సాగు భూమిని వేరే వాడకానికి మార్చే రుసుము) కట్టిన భూమే అక్కడ చేను కాకుండా పోయేది. అనుమతి లేని లేఅవుట్ అడంగల్‌లో (ఊరి సాగు రికార్డులో) ఇంకా వరి పొలమే.

అసలు సహజమైన నేల ఏదన్నది ముందు తేలాలి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఇక్కడి వరి పల్లాలు చాలావరకు మనిషి తీర్చిదిద్దినవే. కాబట్టి వరి చేనునూ మడ అడవినీ ఒకే పద్దులో రాస్తే ఏది పోయిందో తెలియదు. కాకినాడ దుమ్ములపేట దగ్గర ఇళ్ల స్థలాల కోసం మడ చెట్లు నరికిన వ్యవహారం జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లింది. మడ అడవి గనుక కేసైనా అయింది. పుంతలు (పొలం దారులు), బోదెలు, తంపరలు (చిత్తడి నేలలు) పోతే అడిగేవారేరీ? నాలుగు గజాల వెడల్పు బోదె హెక్టార్ల లెక్కలో సున్నా. కానీ అది పూడితే మునిగేది ఆయకట్టంతా.

2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వే కోసం డ్రోన్లు ఎగిరాయి, గ్రామ సచివాలయాల్లో సర్వేయర్లు ఉన్నారు. హద్దులు కొలిచిన చేత్తోనే మెరక ఎత్తునూ కొలవమంటున్నాం. ఏ సర్వే నంబరులో ఎన్ని అడుగులు పోశారు, పాత ఎఫ్‌ఎంబీలో (పొలాల కొలతల పుస్తకంలో) ఉన్న ఏ బోదె ఇప్పుడు లేదు అన్నది ఊరూరా సచివాలయం గోడ మీద అంటించాలి, అదీ సార్వా (తొలి పంట వరి) నారుమళ్లు పోయకముందే.