ఫ్యాషన్ మర్చండైజింగ్ డిగ్రీ గారికి, రెండో అంతస్తు నుంచి

మహారాజశ్రీ ఫ్యాషన్ మర్చండైజింగ్ డిగ్రీ గారికి,

బెజవాడ బందరు రోడ్డులో ఒక చీరల షోరూము, రెండో అంతస్తు, పెళ్లిపట్టు కౌంటర్ నుంచి మీ పూర్వ విద్యార్థిని రాయునది. నేనిక్కడ క్షేమం. మీరక్కడ ఫీజులు సకాలంలో వసూలవుతూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

ఏ బట్ట ఎంత కొనాలో, ఎలా అమ్మాలో నేర్పుతామన్న మీ బ్రోచర్‌ మీద నల్లకోటు వేసుకున్న అమ్మాయి ఒక చేత్తో ట్యాబ్, ఇంకో చేత్తో కాఫీ కప్పు పట్టుకుని నవ్వుతుంటుంది. కింద బయ్యర్, ప్లానర్, విజువల్ మర్చండైజర్ అని రాసుంటుంది. మా దగ్గరా ట్యాబ్ ఉంది, స్టాకు చూసుకోవడానికి. కాఫీ కూడా ఉంది, కస్టమర్లకి. ఫొటోని నడుము దగ్గరే కత్తిరించారు కాబట్టి ఆ అమ్మాయి కూర్చుందో నిలబడిందో ఎవరికీ తెలియదు. నిలబడే ఉందండీ. పొద్దున షట్టర్ ఎత్తినప్పటి నుంచీ.

ముందు మీ కస్టమర్ సంగతి. మీరు చూపించినావిడ ఒక్కతే వస్తుంది. వయసు 25 నుంచి 34, నగరవాసి, సొంత సంపాదన, తనకేం కావాలో తనే తేల్చుకుంటుంది. ప్రాజెక్టు కోసం ఆవిడకి బొమ్మ గీశాం, హాబీలు కూడా రాశాం. ఆ మహాతల్లి ఇంతవరకు మా మెట్లెక్కలేదు. ఎక్కేది తెనాలి నుంచి కారు మాట్లాడుకుని వచ్చిన కుటుంబం. కట్టుకునేది పెళ్లికూతురు. మెప్పించాల్సింది ఆమె కాబోయే అత్తగారిని. అంచు చూసేది వాళ్లమ్మ, చీర తిరగేసి వెనకవైపు దారాలు చూసేది పెద్దమ్మ. నాయనమ్మ జరీని గోటితో గీకి, 'మా రోజుల్లో' అని మొదలుపెడుతుంది. వీడియో కాల్‌లో ఉన్న హైదరాబాద్ అక్క "ఆ రంగు నాకు కెమెరాలో సరిగ్గా కనపడట్లేదు, లైటు కిందకి పట్టుకోండి" అంటుంది. డబ్బు కట్టాల్సినాయన లిఫ్ట్ పక్కన సోఫాలో నిద్రపోతున్నాడు. వీళ్లలో నిర్ణయం ఎవరిదో కనిపెట్టమని మీ పరీక్షలో పది మార్కుల ప్రశ్న ఇచ్చి చూడండి.

చివరికి మొదట తీసిన చీరే తీసుకుంటారు. మిగతావన్నీ పరుపు మీద గుట్ట. ఒక్కోదాన్నీ కంపెనీ మడత మీదే మళ్లీ మడతపెట్టాలి. మడత తప్పితే రేపొచ్చినావిడ "ఎవరో కట్టి విప్పినట్టుందే" అని పక్కకి నెట్టేస్తుంది. మూడేళ్ల మీ సిలబస్‌లో మడతపెట్టడం అన్న మాటే లేదు.

శుభకార్యాల్లో చుట్టాలకి పెట్టే పెట్టుబడి చీరలు కూడా అందులో లేవు. ఇవి తెలియకుండా కృష్ణా, గుంటూరు జిల్లాల్లో బట్టల వ్యాపారం ఎలా నేర్పుతున్నారో మీకే తెలియాలి. కొనేవాళ్లు కట్టుకోరు, పుచ్చుకున్నవాళ్లూ కట్టుకోరు. కవర్ తియ్యకుండా ఇంకో గృహప్రవేశంలో ఇంకొకరికి పెడతారు. మా కౌంటర్ దాటాక కూడా సరుకు చేతులు మారుతూనే ఉంటుంది. సరుకు ఏడాదికి ఎన్నిసార్లు అమ్ముడై తిరుగుతుందో లెక్కేసే మీ స్టాక్ టర్నోవర్ సూత్రంలో దీన్ని ఏ గడిలో వెయ్యాలో చెప్పగలరు.

క్యాలెండర్ దగ్గరికి వద్దాం. అమెరికా రిటైల్ వాళ్లది 4-5-4 క్యాలెండర్ అని, మూడు నెలల్ని నాలుగు, అయిదు, నాలుగు వారాలుగా విడగొడతారని, 52 వారాలకి 364 రోజులే కాబట్టి అయిదారేళ్లకోసారి 53వ వారం కలుపుతారని మాతో బట్టీ పట్టించారు. బానే ఉంది. 2023లో వాళ్లకి అలా ఒక వారం ఎక్కువొచ్చింది. అదే ఏడాది మనకి శ్రావణాలే రెండొచ్చాయి. అధిక శ్రావణంలో పెళ్లిళ్లుండవు. వరలక్ష్మీ వ్రతం నిజ శ్రావణంలోకి, ఆగస్టు 25కి వెళ్లింది. ఆషాఢం అవగానే సరుకు దించుకున్నవాడి డబ్బు నెలపాటు అరల్లో ఇరుక్కున్నట్టే. మా కౌంటర్ పెద్దాయన ఉగాదికి పంచాంగం కొనగానే ముందు చూసేది అధికమాసం, మూఢం ఎప్పుడొచ్చాయన్నదే. రాశిఫలాలు తర్వాత. ఈ 2026లో మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం అని ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంకోటి. సీజన్ చివర్లో మిగిలినదాని మీద మార్క్‌డౌన్, అంటే ధర తగ్గింపు, వెయ్యాలన్నారు. ఇక్కడ ఆషాఢం డిస్కౌంట్లు సీజన్‌కి ముందే వస్తాయి. శ్రావణంలో పెళ్లి పెట్టుకున్నవాళ్లు తెలివిగా ఆషాఢంలోనే కొనేస్తారు. కొత్త సరుకు మీద కూడా "బోర్డు పెట్టారుగా, తగ్గించండి" అంటారు. మీ గ్రాఫులో ధర గీత అందంగా మెట్లుమెట్లుగా దిగుతుంది. మా దగ్గర అది కిందపడి, లేచి, దసరా దాకా కుంటుతూ నడుస్తుంది.

రంగుల సంగతి చెబితే నవ్వుతారు. ఏటా ఒక రంగుని ప్రకటించే అమెరికా కంపెనీ పాంటోన్ వాళ్లు 2026కి క్లౌడ్ డాన్సర్ అని తెలుపును ప్రకటించారు. మీ మాట మీద గౌరవంతో ఒక పెళ్లిబృందం ముందు లేత తెలుపు చీర పరిచాను. నాయనమ్మ గారు "శుభమా అని పెళ్లికొస్తే ఇదేంటే అమ్మాయ్!" అన్నారు. అయిదు నిమిషాలాగి ఆవిడే మధుపర్కాలు అడిగారు. అవీ తెలుపే, ఎర్రంచుతో. ఆ రంగుని ఏటా ఎవరూ ప్రకటించరు. కార్తీకం వస్తే భవానీలకి ఎరుపు, అయ్యప్పలకి నలుపు కావాలని వన్‌టౌన్‌లో చిన్నపిల్లాడు కూడా చెబుతాడు. ఏ రంగు ఎప్పుడు నడుస్తుందో చెప్పడానికి మీరు ఒక సెమిస్టర్ పెట్టారు.

అన్యాయంగా మాట్లాడను. మీ లెక్కలు మంచివి. ఓపెన్-టు-బై అంటే, అమ్ముడవ్వాల్సింది, ధర తగ్గించి వదులుకునేది, నెలాఖరుకి చేతిలో ఉండాల్సింది కలిపి, ఇప్పుడున్న స్టాకు, ఆర్డరిచ్చింది తీసేస్తే ఎంత కొనచ్చో తేలుతుంది. పెద్దాయన ఇదే లెక్క అట్టపెట్టె మీద బాల్‌పెన్నుతో వేస్తారు, పేరు తెలియదంతే. కానీ ఒకచోట మీరే నెగ్గారు. మా ఓనరు గారు మెజంతా బాగా పోతోందని ఇంకో లాట్ చెప్పబోయారు. రోజూ కౌంటర్ మీద కనపడుతోందట! కనపడుతోందంటేనే పోవట్లేదని అర్థం కదండీ. వచ్చినవెన్ని, అమ్ముడైనవెన్ని అని సెల్‌-త్రూ తీసి చూపించాను. లాట్ ఆగింది. మెచ్చుకోలుగా "సరే అమ్మా, వాటిని ముందు వరసలో సర్దు" అన్నారు.

పక్కనున్న మంగళగిరికి మాత్రం మమ్మల్ని ఒక్కసారీ తీసుకెళ్లలేదు. ఆ చీరలకి 2013లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది, గుంట మగ్గం మీద నిజాం అంచు ఎలా పడుతుందో అరగంట ప్రయాణంలో చూడచ్చు. మీరు హైదరాబాద్ మాల్‌కి బస్సు వేశారు. ఎస్కలేటర్ల దగ్గర ఫొటోలు బాగా వచ్చాయి.

ఇక ఆఖరి మాట. కస్టమర్ ఎక్కడ ఆగుతుంది, ఎటు తిరుగుతుంది, కంటి ఎత్తు ఎంత అని స్టోర్ లేఔట్ మీద పెద్ద అధ్యాయమే ఉంది మీకు. ఆ ప్లానులో ట్రయల్ రూమ్, బొమ్మ, అద్దం, అన్నిటికీ చోటుంది. అమ్మేవాళ్లకి స్టూలు లేదు. షాపుల్లో పనిచేసేవాళ్లకి కూర్చునే హక్కు ఉండాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టం తెచ్చాయి. మీరు ఆ కాగితాన్ని రిటైల్ చట్టాల యూనిట్‌లో కలపండి చాలు. కలిపే పని సిలబస్ కమిటీ వాళ్లదైతే, వాళ్లని ఒక ఆషాఢం ఆదివారం మా అంతస్తుకి పంపండి. పరుపు దగ్గర నిలబెడతాను, మడతలు నేర్పుతాను, మధ్యాహ్నం భోజనానికి పావుగంట ఇప్పిస్తాను.

ఇట్లు,
మీ పూర్వ విద్యార్థిని,
ఫస్ట్ క్లాస్ విత్ డిస్టింక్షన్, పెళ్లిపట్టు కౌంటర్

తా.క.: మీ ఒరిజినల్ సర్టిఫికెట్ ప్రస్తుతం నా దగ్గర లేదు. చేరిన రోజే "ఆఫీసులో ఉంచమ్మా, మానేసేటప్పుడు తీసుకుందువుగాని" అని పుచ్చుకుని బీరువాలో పెట్టారు. ఆ గదికి ఏసీ, తలుపు మీద 'మర్చండైజింగ్' అన్న బోర్డు కూడా ఉన్నాయి. అందులోకి నాకంటే ముందు మీరే చేరినందుకు అభినందనలు.